సాలా డేంగ్ దాకా దారి చీటీలు

ఊపిరి ఇచ్చిన దేవునికి స్తోత్రం. అడవిలో కాలిబాట చూపినవాడికి, ఎండిన వాగులో చెలమ తోడితే నీళ్లు నిలిపినవాడికి, పిలవకముందే విని, పిలిచాక ఆలస్యం చేసినా మరిచిపోనివాడికి స్తోత్రం. మనసు నిండి చెప్పిన స్తోత్రాలు నా బతుకులో చాలా ఉన్నాయి. ఇది అలాంటిది కాదు. లోపల ఏమీ కదలని రోజున నోటితో మాత్రమే చెబుతున్నాను. దీన్ని కూడా ఆయన తీసుకుంటాడని నమ్మి మొదలుపెడుతున్నాను.

జూలూరుపాడు దగ్గర నాకు పురుగుమందుల దుకాణం ఉంది. పత్తి, మిర్చి వేసిన రైతులు చేలో ఆకు తెంపి, జేబులో పెట్టుకొని వచ్చి నా ముందు పరుస్తారు. నేను ఆకు తిప్పి చూసి మందు చెబుతాను. అది వారంలో ఆరు రోజుల పని. ఏడో రోజు నేను మా చర్చి సంఘంలో పెద్దను. చిన్నప్పటి నుంచి వాక్యం కంఠస్థం చేసి పెరిగినవాణ్ణి. నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే అందరం ఒకే రొట్టె పంచుకునే ఆరాధన, జరిగేటప్పుడు రొట్టె పళ్లెం పట్టుకొని వరసల మధ్య తిరిగే పని పదకొండేళ్లుగా నాదే.

బల్ల విషయంలో మా సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. సంఘం ముందు లేచి చెప్పే సాక్ష్యంలో అబద్ధం చెప్పినవాడు ఆ పళ్లెం పట్టుకొని తిరగకూడదు. ఒప్పుకోని తప్పు మనసులో ఉన్నవాడు రొట్టె తీసుకోకుండా పళ్లేన్ని పక్కవాళ్లకు అందించాలి. ఎవరూ ఎవరినీ ఆపరు, ఎవరికి వారే తేల్చుకోవాలి. కానీ పళ్లెం ఎవరి దగ్గర ఆగకుండా ముందుకు పోయిందో హాలంతా చూస్తుంది. గట్టు తగాదాలో తమ్ముణ్ణి కొట్టిన ఒకాయన ఏడాది పాటు అలా అందించేశాడు. ఆయన చేతి వేళ్లు పళ్లెం అంచును ఎలా పట్టుకునేవో నాకు బాగా గుర్తు. ఆ పళ్లెం నా చేతుల్లోంచి పోకూడదన్నదే చాలా ఏళ్లు నా అసలు భయం.

ఎందుకంటే నేను ఆడవాళ్ల మీద మనసు పోని మగవాణ్ణి. మగవాళ్ల మీదే పోతుంది. ఇంగ్లీషులో గే అంటారు. మా వైపు మాటల్లో దానికి తిట్లు తప్ప పేరు లేదు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. దేవుని పని కోసం మానుకున్నాడని సంఘంలో అనుకున్నారు. నేను చెప్పలేదు, వాళ్లే అనుకున్నారు. యువకుల కూటాల్లో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నన్ను చూపించి నిగ్రహం గురించి మాట్లాడేవారు. నేను తల వంచుకొని వినేవాణ్ణి. అది వినయం అనుకునేవారు.

అమ్మకాల టార్గెట్ దాటిన డీలర్లను మందుల కంపెనీలు విహారయాత్రలకు తీసుకెళ్తాయి. ఆ సంవత్సరం బ్యాంకాక్ అన్నారు. బ్యాంకాక్ పేరు వినగానే మా డీలర్ల మొహాల్లో ఒక రకం నవ్వు వస్తుంది. నాతో గది పంచుకోబోయేవాడు సత్తుపల్లిలో విత్తనాల దుకాణం నడిపే సాయిబు. ముత్తాతల నుంచి వ్యాపారం చేసే కుటుంబం. నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.

"పాస్టర్ సాబ్, నువ్వయితే హోటల్ల కూసొని మా అందరి కోసం ప్రార్థన చెయ్. మేం చేసిన పాపాలకు జల్దీ మాఫీ రావాలె" అన్నాడు ఫోన్‌లో.

నేను నవ్వాను. ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, దుకాణంలో కూర్చొని ఫోన్‌లో ఆ నగరం గురించి వెతికాను. ఒక పేజీ దొరికింది. నాలాంటి మగవాళ్ల కోసం, ఎవరో నాలాంటివాడే రాసినది. మగవాళ్లు వేదిక మీద బట్టలు తగ్గించుకొని ఆడే క్లబ్బులు ఆ ఊళ్లో ఎక్కడున్నాయో, అక్కడికి రైల్లో ఎలా వెళ్లాలో అందులో ఉంది. కొత్తగా ఊరికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు చెప్పాడు. ఫలానా స్టేషన్‌లో దిగు. ఫలానా మెట్లు దిగు. రోడ్డు మీద షోల బొమ్మలున్న అట్టలు చూపించి చెయ్యి పట్టుకు లాగేవాళ్ల వెంట పోవద్దు. మొదటిసారి ముందు వరసలో కూర్చోవద్దు. ఫోన్ బయటికి తీయొద్దు. అక్కడ ఆడేవాళ్లు వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు, నవ్వుతూ పలకరించు. ఆఖరి రైలు వేళ మర్చిపోవద్దు.

ఆ పేజీలో నరకం గురించి ఒక్క మాట లేదు. సిగ్గు గురించి కూడా లేదు. ఏ మెట్లు ఎక్కాలో, ఏ మెట్లు దిగాలో ఉంది. నాలాంటివాడితో అంత మామూలుగా ఎవరైనా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. రెండుసార్లు చదివాను. తర్వాత నా ప్రార్థన నోటుబుక్కు చివరి పేజీలో, క్లబ్బు పేరు వదిలేసి, దారి మాత్రం తెలుగులో రాసుకున్నాను. హోటల్ దగ్గరి నానా స్టేషన్‌లో ఆకాశ రైలు ఎక్కాలి. సియాంలో దిగి కింది అంతస్తులో ఇంకో రైలు. సాలా డేంగ్‌లో దిగాలి. ఒకటో నంబరు మెట్లు. సందులోకి మలుపు. మందుల షాపు దాటాక నల్ల తలుపు.

వెళ్తానని అనుకోలేదు. రాసుకుంటే చాలనిపించింది.

మా సంఘంలో దారి పంచుకోవడం అని ఒక ఆనవాయితీ ఉంది. మా పెద్దల కాలంలో భద్రాచలం వైపు అడవి దారిన పోతుంటే వాగులు పొంగేవి, బస్సులు మధ్యలో ఆగిపోయేవి. అందుకని ఎవరైనా ప్రయాణం కడితే దారిని ముక్కలు చేసి చీటీల మీద రాసి సంఘం వాళ్లు పంచుకునేవారు. ఈ వాగు దాకా నీది, ఆ ఘాట్ రోడ్డు దాకా నాది. ఎవరి ముక్క కోసం వాళ్లు మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండాలి. తిరిగొచ్చాక, బల్ల ఆదివారం సాక్ష్యం వేళ, చీటీలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరూ లేచి తమ ముక్క చదువుతారు. ఆ ముక్కలో దేవుడు ఏం చేశాడో ప్రయాణికుడు చెప్పాలి. ఇప్పుడు రోడ్లు బాగయ్యాయి. ఆనవాయితీ మాత్రం పోలేదు. పరీక్షకు హైదరాబాద్ పోయే పిల్లలకు కూడా చీటీలు రాస్తాం.

నా ప్రయాణం ముందు రోజు సాయంత్రం మా ఇంటికి నలుగురు వచ్చారు. అయ్యగారు, తాపీ పని చేసే ఒక సహోదరుడు, అడవి అంచున మిర్చి వేసే ఒక కోయ సహోదరుడు, మా టీచరమ్మ. టీచరమ్మ సర్కారు బడిలో పనిచేసి రిటైరైంది. సండే స్కూల్లో నాకు వాక్యం నేర్పింది ఆమే. ఎనభై దగ్గర పడ్డా నోటితో అధ్యాయాలు అప్పజెబుతుంది. చీటీలు రాసేది ఎప్పుడూ ఆమే.

కొత్తగూడెం దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు, తర్వాత విమానం అని చెప్పాను. అక్కడ దిగాక ఏమేం ఎక్కుతావని అడిగింది. అంతా కంపెనీ వాళ్లే తిప్పుతారు, నాకు తెలియదన్నాను. ఆమె నా నోటుబుక్కు తీసుకుంది. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, నా పుస్తకం తెరవడానికి ఎన్నడూ అడగలేదు. ఖాళీ కాగితం కోసం చివరి పేజీకి వెళ్లింది.

"గీడ ఇంత మంచిగ రాసుకొని తెల్వదంటవేంది బిడ్డా" అంది.

కళ్లద్దాలు సర్దుకొని పైకి చదివింది. నానా, సియాం, సాలా డేంగ్. మెట్లు. సందు. నల్ల తలుపు. అయ్యగారు ఆ ఊళ్లో తెలుగు సంఘాలు ఉంటాయని, ఇలాంటి సందుల్లోనే అద్దె గదుల్లో కూడుకుంటారని చెప్పారు. కూటానికి దారి రాసుకున్నట్టున్నాడు అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. నా తప్పు అక్కడే ఉంది. తర్వాత జరిగినదంతా ఆ మౌనంలోంచి వచ్చిందే.

టీచరమ్మ చీటీలు రాసి పంచింది. ఆకాశ రైలు కోయ సహోదరుడికి. సియాంలో మారడం అయ్యగారికి. మెట్లు తాపీ సహోదరుడికి, మెట్లు కట్టేవాడివి నీకే తెలుస్తదని. సందు, నల్ల తలుపు ఉన్న చీటీ తనే ఉంచుకుంది. కోయ సహోదరుడు తన భాషలో ప్రార్థన చేశాడు. నాకు ఆ భాష కొద్దిగానే వచ్చు. రైలు, పైన, పడకుండా అన్న మాటలు అర్థమయ్యాయి.

బ్యాంకాక్‌లో రోజూ పొద్దున టీచరమ్మ గొంతు ఫోన్‌లో రికార్డయి వచ్చేది. ఎప్పుడు పోతావో నువ్వు చెప్పలేదు, అందుకని నలుగురం రోజూ మోకాళ్ల మీదే ఉన్నాం అని. నేను చేతులు జోడించిన బొమ్మ పంపేవాణ్ణి.

మూడో రోజు అందరినీ నగల షోరూముకు తీసుకెళ్లారు. నాకు తలనొప్పిగా ఉందన్నాను. సాయిబు నా వైపు చూసి, గోలీ కావాల్నా అని అడిగాడు. వద్దన్నాను. బస్సు పోయాక నేను నానా స్టేషను మెట్లు ఎక్కాను. పగలు నాలుగు గంటలు. ఎనిమిదింటికి అందరి భోజనం, ఈలోపు వచ్చేయాలి.

గుండె కొట్టుకుంటుందనుకున్నాను. కొట్టుకోలేదు. టికెట్ కార్డు ఎక్కడ ఆనించాలో ముందువాణ్ణి చూసి ఆనించాను. రైలు చల్లగా ఉంది. కింద రోడ్డు మీద వాహనాలు మెల్లగా పోతున్నాయి. ఇది కోయ సహోదరుడి ముక్క అని గుర్తొచ్చింది. ఆయన ఈ వేళకు మిరప కల్లంలో ఉంటాడు. కాయలు ఆరబోసిన పరదా మీద మోకాళ్లు వేసి ఉంటాడు. సియాంలో దిగి కింది అంతస్తుకు వెళ్లాను. అయ్యగారి ముక్క. తప్పు రైలు ఎక్కకుండా రెండుసార్లు బోర్డు చూశాను. సాలా డేంగ్‌లో దిగి ఒకటో నంబరు మెట్లు దిగుతుంటే ఒక్క మెట్టు కూడా ఎగుడుదిగుడుగా లేదు. తిరిగి పోదామని ప్రతి ముక్కకూ ఒకసారి అనిపించింది. అనిపించడమే, కాళ్లు ఆగలేదు. నా కోసం నలుగురు ప్రార్థన చేస్తున్న దారిలో నేను ఎక్కడికి పోతున్నానో నాకు తెలుసు. తెలిసి కూడా లోపల మంట గానీ చల్లదనం గానీ లేదు. పన్ను తీసేముందు డాక్టరు ఇచ్చిన సూది పనిచేస్తుంటే పంటి చిగురు మొద్దుబారి ఉంటుంది కదా, అలా ఉంది.

నల్ల తలుపు తెరిచే ఉంది. లోపల ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఒకాయన నేల తుడుస్తున్నాడు. కుర్చీలు తిరగేసి బల్లల మీద పెట్టి ఉన్నాయి. వేదిక అంటే మా సంఘం వేదికంత కూడా లేదు, దాని మధ్యలో ఇనుప కడ్డీలు. వేదిక అంచున ఐదారుగురు మగవాళ్లు బనియన్లతో కూర్చొని ప్లాస్టిక్ సంచుల్లోంచి అన్నం తింటున్నారు. ఒకతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. ఆడేటప్పుడు తగిలించుకునే గుండ్రటి నంబరు బిళ్ల ఒకటి దారానికి వేలాడుతూ అతని పక్కనే ఉంది.

పేజీలో తెరిచే వేళ రాసి ఉంది. నేను దారి రాసుకున్నాను గానీ వేళ రాసుకోలేదు. కూటానికి అరగంట ముందు పోవడం నాకు అలవాటు. ఇక్కడికి మరీ ముందు వచ్చాను.

ఇస్త్రీ చేసుకునే అతను షో తొమ్మిదింటికి అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. నేను సరేనని నిలబడ్డాను. వెళ్లలేదు. అతను ఒక కుర్చీ కిందికి దించి తుడిచి వేశాడు. కూర్చున్నాను. ఏ దేశం అన్నాడు. ఇండియా అన్నాను. ఏం పని అన్నాడు. చెప్పడానికి మాట తట్టక, ఫోన్‌లో నా దుకాణం ఫోటో చూపించాను. డబ్బాల మీద ఆకులు, పురుగుల బొమ్మలు ఉంటాయి కదా. అతను ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తన ఫోన్ తీసి వాళ్ల అమ్మ పంపిన ఫోటో చూపించాడు. ఎక్కడో అడవి పక్క ఊరు, చిన్న మిరప మడి. ఆకులు పైకి దోనెలా ముడుచుకున్నాయి.

నేను ఫోటో పెద్దది చేసి చూశాను. పై ముడత. తామర పురుగు. మా వైపు తోటల్ని తినేసింది ఇదే. కింది ముడత అయితే నల్లి, పైకి ముడిస్తే ఇది అని చేతులతో చూపించాను. నీలం రంగు జిగురు అట్టలు కట్టమన్నాను, వేపనూనె కొట్టమన్నాను, మందు మీద మందు మార్చి కొడితే ఇంకా ఎక్కువవుతుందని చెప్పాను. ఫోన్‌లో వాళ్ల భాషలోకి మార్చి చూపిస్తే అతను వాళ్ల అమ్మకు పంపాడు. వెంటనే ఆమె ఏదో అడిగింది. మళ్లీ చెప్పాను. అలా ముప్పావుగంట గడిచింది. నేను వచ్చిన పనికి సంబంధించిన మాట ఒక్కటీ మా మధ్య రాలేదు. అతను అందగాడే. ఆ సంగతి నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

అతను ఒక అన్నం పొట్లం విప్పి, సగం మూత మీద పెట్టి నా ముందుకు జరిపాడు. నేను అలవాటుగా కళ్లు మూసుకొని స్తోత్రం చెప్పాను. కళ్లు తెరిచేసరికి అతను ముద్ద చేతిలో పట్టుకొని నా కోసం ఆగి ఉన్నాడు. తిన్నాం. లేచేటప్పుడు, తొమ్మిదింటికి వస్తావా అన్నాడు. రానన్నాను. సరే అన్నాడు. ఎనిమిదింటికి నేను డీలర్ల భోజనంలో ఉన్నాను. తలనొప్పి తగ్గిందా పాస్టర్ సాబ్ అని సాయిబు అడిగితే తగ్గిందన్నాను.

తిరిగొచ్చిన శనివారం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. మర్నాడు బల్ల. చీటీల సాక్ష్యం ముందుగా విని సరిచూసుకోవడం ఆమె పద్ధతి. నల్ల తలుపు దగ్గర ఏమైందని అడిగింది. అడవి పక్క ఊరి మనిషి ఒకతను కలిశాడని, వాళ్ల అమ్మ మిరప తోటకు ముడత వస్తే మందు చెప్పానని, కలిసి తిన్నామని, మన దేవుణ్ణి ఎరగని అతను నా స్తోత్రం అయ్యేదాకా ముద్ద పట్టుకొని ఆగాడని చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి.

"ఇది రేపు చెప్పు బిడ్డా. ఇంతకన్న సాక్ష్యం ఏం గావాలె" అంది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. మర్నాడు హాల్లో అదే చెబితే హల్లెలూయా అంటారు. తర్వాత లేచి పళ్లెం పట్టుకుంటాను. ఇంకో పదకొండేళ్లు పట్టుకుంటాను. అంతా నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆమె చేతి సంచీ తీసుకొని గడప దాకా పోయింది. అప్పుడు, కూర్చొమ్మన్నాను.

అది సంఘం కాదని, ఎలాంటి చోటో, ఎందుకు వెళ్లానో చెప్పాను. పెళ్లి ఎందుకు మానుకున్నానో కూడా. నా గొంతు దుకాణంలో మందు పాళ్లు చెప్పే గొంతులాగే ఉంది. ఆమె చేతి సంచీ మళ్లీ కింద పెట్టింది. వీధిలో ఆటో ఒకటి ఆగి పోయింది.

"చిన్నప్పటి సంది గిట్లనేనా?" అంది.

"అవ్ టీచరమ్మా."

"నాకు తెల్వకపాయె. పదేండ్లు నా ముంగట కూసున్నవ్."

తిడుతుందనుకున్నాను. వాక్యం ఎత్తుతుందనుకున్నాను. ఆ వాక్యాలు ఆమె నేర్పగా నాకూ వచ్చు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకేనేమో ఎత్తలేదు. రేపు ఏం చేస్తావని అడిగింది. తెలియదన్నాను.

"నేనేం చెప్పను బిడ్డా. తినమని చెప్పలేను, తినొద్దని చెప్పలేను. అబద్ధం మాత్రం చెప్పకు" అని లేచి వెళ్లిపోయింది.

ఆదివారం చీటీలు ఒక్కొక్కటే చదివారు. కోయ సహోదరుడు లేచి, రైలు నిజంగా పైనుంచే పోతదా అని అడిగితే పోతుందని చెప్పాను. హాల్లో నవ్వారు. అయ్యగారి చీటీకి, సరైన రైలే ఎక్కానని చెప్పాను. మెట్లు బాగున్నాయన్నాను. అన్నీ నిజాలే. టీచరమ్మ లేచింది. చీటీ చదివింది. ఆమె గొంతు ఎప్పటిలాగే స్పష్టంగా ఉంది. నా వైపు చూడలేదు.

నేను లేచాను.

"నల్ల తలుపు ఎనుక సంఘం లేదు. మగోళ్లు మగోళ్ల కోసం ఆడే చోటది. మీరు అడగలే, నేను చెప్పలే. నేను అసొంటి మనిషినే. పళ్లెం ఇయ్యాల ఇంకొకరికి ఇయ్యుర్రి" అన్నాను.

ఎవరూ అరవలేదు. అలాంటప్పుడు ఏదో జరుగుతుందని అనుకుంటాం. ఏమీ జరగలేదు. ఫ్యాన్లు తిరిగాయి. వెనక వరసలో ఒక బిడ్డ ఏడిస్తే తల్లి బయటికి ఎత్తుకుపోయింది. అయ్యగారు లేచి పళ్లెం తీసి తాపీ సహోదరుడి చేతికి ఇచ్చారు. అతను ఎప్పుడూ పట్టుకోలేదు. రెండు చేతులతో ఇటుకల గంప పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నా దాకా వచ్చింది. అంచు పట్టుకొని పక్కాయనకు అందించాను. చల్లటి స్టీలు. అంతే.

తర్వాత ఆడవాళ్ల వైపు పోయింది. మూడో వరసలో టీచరమ్మ పళ్లెం అందుకుంది. అందుకొని, రొట్టె తీసుకోకుండా పక్కామెకు ఇచ్చింది. హాల్లో తలలన్నీ అటు తిరిగాయి. అరవై ఏళ్లకు పైగా ఆమె దగ్గర ఆగకుండా ఆ పళ్లెం పోవడం ఎవరూ చూడలేదు.

కూటం అయ్యాక, చెప్పులు వేసుకునే చోట ఆమె పక్కన నిలబడి, ఎందుకలా చేశావని అడిగాను. చెప్పుల పట్టీ సర్దుకుంటూ చెప్పింది.

"నిన్ను అడగక ముందే అది సంఘమని నా మనసుల రాసుకున్న. నాకు నచ్చింది అనుకొని నలుగురితోటి మోకాళ్లు ఏయించిన. పదేండ్లు నీకు నేర్పిన, ఒక్కపారి నిన్ను అడగలే. నీది తేలేదాక నాది గూడ తేలదు."

అలా తేల్చుకోవద్దని బతిమాలాను. వినలేదు. ఒకసారి తేల్చుకున్నాక ఆమె ఎవరి మాటా వినదు.

నెలలు గడుస్తున్నాయి. నన్ను ఎవరూ వెలివేయలేదు, ఎవరూ పిలవలేదు కూడా. దేవుని జవాబు కోసం కనిపెట్టుకొని ఉండు, చూద్దాం అన్నారు అయ్యగారు. ఆయన ముఖంలో కోపం లేదు, ఏం చేయాలో తెలియకపోవడం ఉంది. దుకాణానికి కొందరు రైతులు రావడం మానేశారు. కోయ సహోదరుడు వస్తాడు, ఆకు పరుస్తాడు, మందు తీసుకుంటాడు. ఒకసారి మాత్రం, గా సంగతి మారుతదా అని అడిగాడు. మార్చమని దేవుణ్ణి ముప్పై ఏళ్లు అడిగానని, మారలేదని చెప్పాను. తల ఊపి, ముడత సంగతి మళ్లీ అడిగాడు. సత్తుపల్లి సాయిబుకు ఈ సంగతి ఎలాగో తెలిసింది. ఫోన్ చేసి ఏమీ అనకుండా, విత్తనాల ధరలు చెప్పి పెట్టేశాడు. తర్వాత వారం మళ్లీ చేశాడు. పాస్టర్ సాబ్ అనే పిలిచాడు.

బల్ల ఆదివారాలు వస్తాయి, ఒప్పుకున్నది తప్పో కాదో నాకింకా తేలక నా దగ్గరికి పళ్లెం వస్తుంది, పోతుంది. ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూడా అంతే. టీచరమ్మకు ఈ మధ్య కళ్లు బాగా తగ్గాయి. పళ్లెం వచ్చిందని పక్కామె మోచేత్తో తడితే తప్ప తెలియడం లేదు. ఆమె రొట్టె తీసుకోకుండానే కాలం చేస్తుందేమోనని నాకు భయం వేయాలి. వేయడం లేదు. పొద్దున లేచి ఆ భయం కోసం వెతుకుతాను, చేతికి దొరకదు. ఒప్పుకున్నాక మనసు తేలికవుతుందని మేం కూటాల్లో చెబుతాం. నేనూ ఎందరికో చెప్పాను. నాకు తేలిక కాలేదు, బరువు కూడా లేదు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, దేవుడున్నాడు, నేను ఉన్నాను, మధ్యలో ఏం ఉందో నాకు తెలియదు. ఆయన లేడని మాత్రం ఒక్క రోజూ అనిపించలేదు. అది రాసి పెట్టాలి.

ఇంతదాకా చదివినవారు ఎవరైనా సరే, ఏ దేవుణ్ణి మొక్కేవారైనా సరే, కాసేపు నాతో కూర్చోండి. కళ్లు మూసుకోండి. ముందు మా టీచరమ్మ కోసం అడుగుదాం, ఆమె ఈ లోకంలో ఉండగానే ఆ రొట్టె ఆమె నోటికి చేరాలని. ఎక్కడో అడవి పక్కన మిరప మడి ఉన్న ఒక తల్లి కోసం, ఆమె కొడుకు కోసం అడుగుదాం, వాళ్ల చేను కోలుకోవాలని, అతని ఒళ్లు అలవకుండా ఉండాలని. ఈ దేశంలో ఏదో గదిలో ఫోన్‌లో దారి వెతుక్కుంటున్న నాలాంటివాడి కోసం అడుగుదాం, అతనితో ఎవరైనా మామూలుగా మాట్లాడాలని. నా కోసం ఏం అడగాలో నాకు మాటలు రావడం లేదు. ఆ చోటుకు వచ్చినప్పుడు మీరూ మాటలు వెతకొద్దు. నాతో పాటు ఊరికే మౌనంగా ఉండండి. ఆయన వింటాడు. ఆ మౌనం చివర, మీకు మనసైతే, నాతో కలిసి ఆమేన్ అనండి.